పట్టికకు తాళము

గోపన్‌పల్లి నుండి ఒక వృద్ధ శ్రోత వ్రాసిన ఉత్తరము గత మాసమున మాకు చేరినది. వారు ఒకప్పుడు ఆ గ్రామమున సేద్యము చేసినవారు. నేడు వారి ఇంటి చుట్టును అంతస్తులపై అంతస్తులు లేచినవి. కుమారుడు సమీపముననే ఒక కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. ఒక రాత్రి పదిన్నర గంటలకు తండ్రియు కొడుకును భోజనమునకు కూర్చుండగా ఫోను మ్రోగినది. కుమారుడు విని, సగము తిన్న కంచము విడిచి లేచెను. "టేబుల్ లాకయింది నాయినా, ఆడ పని మొత్తం ఆగింది" అని అతడనగా, తండ్రి "టేబుల్‌కు తాళమేంది బిడ్డా? చెవి ఎవరి తానున్నది?" అని యడిగిరట. కుమారుడు బదులు చెప్పక బండి యెక్కి పోయెను. తెల్లవారుజామున గాని తిరిగి రాలేదు.

"వాడు చెప్పలేదు, మీరన్నా చెప్పుండ్రి" అని వారు వ్రాసినారు. ఉత్తరము చివర మరియొక ప్రశ్న కూడ కలదు. దానిని తరువాత చూతము.

ప్రశ్న చిన్నది. కాని మన బ్యాంకు ఖాతాలు, రైలు టిక్కెట్లు, భూముల దస్త్రములు అన్నియు ఈ తాళముల మీదనే నడచుచున్నవి. గోపన్‌పల్లి నుండి గచ్చిబౌలి వరకు రాత్రియు పగలును దీపములు వెలుగుచున్న ఆ భవనములలో ఎందరో యువకులు ఈ తాళములను వేయుట, తీయుట, వెదకుట అను పనిలోనే ఉన్నారు. కనుక వారి ఇండ్లలోని పెద్దలు ఈ సంగతి తెలిసికొనగోరుట న్యాయమే.

ఇక్కడ టేబుల్ అనగా భోజనపు బల్ల కాదు, పట్టిక. పహాణీని చూచినవారికి దీనిని వేరుగా వివరింప నక్కరలేదు. అడ్డముగా ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క సర్వే నంబరు. నిలువు గడులలో పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, విస్తీర్ణము, నేల తరగతి. తెలంగాణమున నేటికిని భూమి తగవు వచ్చినప్పుడు పెద్దలు వెదకునట్టి 1954-55 ఖాస్రా పహాణీ ఇట్టి పట్టికయే. లోకములోని లెక్కలన్నింటిని ఇట్టి పట్టికలుగనే యంత్రములో నిలుపవచ్చునని, ఒక పట్టికను మరియొక పట్టికతో కలిపి ప్రశ్నింపవచ్చునని 1970లో ప్రతిపాదించినవాడు ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు. ఆంగ్లదేశమున పుట్టి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసినవాడు. ఆయన చెప్పిన మార్గమున నిర్మించిన దస్త్రాలయమునే రిలేషనల్ డేటాబేసు అందురు.

పట్వారీ కాలమున ఈ పట్టికకు వేరుగా తాళము అవసరము లేకపోయెను. దస్త్రము ఒకటి, కలము ఒకటి, వ్రాయు చేయి ఒకటి. ఇద్దరు రైతులు ఒకేసారి వచ్చినచో ఒకరు అరుగు మీద కూర్చుండవలసినదే. ఆ చేయి ఏమి వ్రాయునో అని ఊరు భయపడుట వేరు సంగతి. రెండు చేతులు ఒకే గడిలో ఒకేసారి వ్రాయునను భయము మాత్రము లేదు. ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య గ్రామాధికారముల పద్ధతి 1984లో పోయినది. 1998 నవంబరులో రిజిస్ట్రేషను కార్యాలయములందు కంప్యూటర్లు ప్రవేశించినవి. దానికి కార్డ్ అని పేరు. ఆ నవంబరులోనే, 22వ తేదీన, హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. అప్పటినుండి అరుగు మీద కూర్చుండుట తగ్గినది. ఒకే దస్త్రమును ఒకే క్షణమున వేయిమంది తెరచుచున్నారు. చిక్కు అచ్చటనే మొదలైనది.

ఆ చిక్కు ఎట్టిదో మా అనుభవము నుండి ఒకటి చెప్పెదము. చాల సంవత్సరములకు పూర్వము మేము పనిచేసిన ఒకానొక కేంద్రమున స్టూడియో కేటాయింపు పుస్తకము ఒకటి గుమాస్తా బల్లపై నుండెడిది. ఒక ఉదయము నాటకముల విభాగమువారు వచ్చి, గురువారము మూడు గంటల గడి ఖాళీగా నున్నదని చూచి, నటులకు కబురు చేయుటకు పోయిరి. ఐదు నిమిషముల పిమ్మట జానపద సంగీతము చూచుచున్న మేము వచ్చి, అదే గడి ఖాళీగా నున్నదని చూచి, ఒక బుఱ్ఱకథ దళమునకు తంతి పంపుటకు పోయితిమి. తరువాత వారు వచ్చి తమ పేరు వ్రాసిరి. మా గుమాస్తా వచ్చి, పుటను మరల చూడకయే, తెల్ల కాగితము అతికించి మా పేరు వ్రాసెను. గురువారము మూడు గంటలకు పదునొకండుగురు నటులును ముగ్గురు బుఱ్ఱకథ కళాకారులును ఒకే తలుపు ముందు నిలిచిరి. ఆ కళాకారులలో పెద్దాయన తెల్లవారుజామున బస్సెక్కి వచ్చినవాడు. ఆ దినమున రికార్డింగు కాలేదు. మరల ఆయన వచ్చుట పడలేదు. ఆయన కంఠము మా భాండాగారమున లేదు.

ఇందులో అబద్ధమాడినవారెవరును లేరు. ఇరువురును చూచినప్పుడు గడి నిజముగా ఖాళీయే. తప్పు చూచుటకును వ్రాయుటకును నడుమ నున్న ఆ ఐదు నిమిషములలో జరిగినది. కంప్యూటరుకు ఐదు నిమిషములు అక్కరలేదు. సెకనులో వేయవ వంతు చాలును. గోపన్‌పల్లిలో ఒక ఇంటి స్థలమున్నదనుకొందము. రెండు కిటికీలలో ఇద్దరు కొనుగోలుదారుల కాగితములు ఒకే క్షణమున యంత్రములోనికి పోయినవి. మొదటి కిటికీ అడిగినది: స్థలము అమ్మకమునకు ఉన్నదా? ఉన్నది. రెండవ కిటికీ అడిగినది: ఉన్నదా? ఉన్నది. మొదటిది వ్రాసినది: అమ్ముడుపోయినది, ఫలానావారికి. రెండవదియు వ్రాసినది. చివర వ్రాసినవారి పేరు నిలిచినది. మొదటివారి పేరు ఏ జాడయు లేకుండ చెరిగిపోయినది. వారి డబ్బు మాత్రము పోయినది. ఒక మధ్యతరగతి కుటుంబమునకు అది ఇరువది సంవత్సరముల కష్టార్జితము కావచ్చును.

దీనికి విరుగుడే తాళము. చూచుటకు ముందే తాళము వేసి, చూచి, వ్రాసి, పని ఖాయమైన పిమ్మటనే తాళము తీయవలెను. ఈ మొత్తము పనిని ఒక లావాదేవి అందురు. యువకుల మాటలో ట్రాన్సాక్షను. లావాదేవి అంతయు జరుగవలెను, లేదా ఏమియు జరుగనట్లుండవలెను. నడుమ కరెంటు పోయినచో యంత్రము తిరిగి లేచినప్పుడు, సగము వ్రాసినదానిని తుడిచివేసి వెనుకటి స్థితికి తెచ్చును.

తాళములలో ముఖ్యముగా రెండు తరగతులు కలవు. చదువుటకు మాత్రమే వేయునది ఒకటి. దీనిని ఎందరైనను ఒకేసారి వేయవచ్చును. పఠనాలయములో ఒక వార్తాపత్రిక చుట్టు నలుగురు మూగి చదివినట్లు. వ్రాయుటకు వేయునది రెండవది. ఇది ఒక్కరికే. వ్రాయుచున్నవాడు ఉన్నంతవరకు మరియొకడు వ్రాయరాదు. చదువు తాళము కోరువాడును ఆగవలసినదే. అట్లే చదువరులు తాళములు పట్టుకొని యున్నంతవరకు వ్రాయువాడు ఆగవలెను. మొదటిది షేర్డ్ లాక్, రెండవది ఎక్స్‌క్లూజివ్ లాక్.

ఇంతవరకు సులభమే. అసలు ప్రశ్న వేరు: తాళము దేనికి వేయవలెను? మొత్తము పట్టికకా, ఒక్క వరుసకా?

పట్టికకు అంతటికిని వేయుట సులభము. ఒక్క తాళము, ఒక్క లెక్క. కాని ఒక్క రైతు తన పేరులోని ఒత్తు దిద్దించుకొనుచుండగా జిల్లాలోని రైతులందరును నిలువబడి యుండవలెను. వరుసకు వేసినచో ఎవరి పని వారిది. ఒకరు గోపన్‌పల్లి వరుసలోను, మరియొకరు తెల్లాపూరు వరుసలోను ఒకే క్షణమున వ్రాయవచ్చును. అయితే లక్ష వరుసలు మార్చు పనికి లక్ష తాళములు కావలెను. ప్రతి తాళమునకు యంత్రపు జ్ఞాపకశక్తిలో కొంత చోటు, వేయుటకును తీయుటకును కొంత కాలము. తాళముల లెక్క వ్రాయుటకే యంత్రము అలసిపోవును.

మొత్తము పట్టికకు తాళము పడిన రోజులు తెలంగాణ ప్రజలకు యంత్రములతో నిమిత్తము లేకయే అనుభవమైనవి. 2020 సెప్టెంబరు 7వ తేదీన గ్రామ రెవిన్యూ అధికారులు తమ వద్ద నున్న దస్త్రములన్నింటిని అప్పగింపవలెనని ఉత్తరువు వచ్చెను. మరునాటి నుండి రాష్ట్రమంతట ఆస్తుల రిజిస్ట్రేషనులు నిలిచెను. భూముల లెక్క పాత పద్ధతి నుండి ధరణి యను క్రొత్త పద్ధతిలోనికి మారవలసి యుండెను. ఆకృతి మారుచున్న పట్టికలో ఎవరును వ్రాయరాదు. వ్రాసినచో ఆ వ్రాత పాతదానిలో పడునో క్రొత్తదానిలో పడునో తెలియదు. అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో ధరణి ప్రారంభమయ్యెను. నవంబరు 2 నుండి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషనులు తహశీలు కార్యాలయములలో మొదలయ్యెను. ఇండ్లు, ఇంటి స్థలములు కొనదలచినవారు డిసెంబరు వరకు ఎదురుచూచిరి.

ఈ నడుమ కాలమున ఆగినది కాగితములు మాత్రమే కాదు. బయానా ఇచ్చి గడువు దాటుచున్నవారు, కూతురి పెండ్లికి కుంట అమ్మదలచినవారు, బ్యాంకు ఋణము మంజూరై దస్తావేజు లేక చేతికి రానివారు, అందరును ఆ ఒక్క తాళము ముందే నిలిచిరి. పట్టిక ఆకృతి మార్చునప్పుడు పెద్ద తాళము తప్పదని యంత్రశాస్త్రము తెలిసినవారు ఒప్పుకొందురు. కాని అదే శాస్త్రము, ఆ తాళము పడియుండు కాలమును ఎంత తగ్గింపగలిగిన అంత నేర్పు అనియు చెప్పును. క్రొత్త పట్టికను ప్రక్కన సిద్ధము చేసికొని, పాతదానిలోని మార్పులను ఎప్పటికప్పుడు దానిలోనికి ఎక్కించి, చివర క్షణకాలము మాత్రమే తాళము వేసి, పేర్లు తారుమారు చేయుట నేడు కంప్యూటరు సంస్థలలో సామాన్యమైన పద్ధతి. ఒక రాష్ట్రపు భూములకు అది అంత సులభము కాకపోవచ్చును. అయినను కుంట అమ్మదలచిన తండ్రికి ఆ రెండు మాసములు రెండు మాసములే. ధరణి స్థానమున 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినది.

పెద్ద తాళము, చిన్న తాళము అను ఈ తగవును తీర్చుటకు మార్గము చూపినవారిలో ముఖ్యుడు జిమ్ గ్రే. కాలిఫోర్నియాలో ఐ.బి.ఎం. పరిశోధనాలయమున పనిచేయుచు, 1975, 76 సంవత్సరములలో లోరీ, పుట్జోలు, ట్రేగర్ అను సహచరులతో కలసి, తాళము ఎంత పెద్దదిగా నుండవలెనను విషయమును గూర్చియే వ్యాసములు వ్రాసెను. పెద్దదియు చిన్నదియు రెండును ఉండవచ్చునని వారు చెప్పిరి. అయితే ఒక చిక్కు. ఒకడు లోపల ఎక్కడనో ఒక వరుసకు తాళము వేసికొని కూర్చున్నాడు. మరియొకడు మొత్తము పట్టికకు తాళము వేయవచ్చినాడు. లోపల ఎవరైన నున్నారా లేరా అని వీనికెట్లు తెలియును? కోటి వరుసలను ఒక్కొక్కటిగా తట్టి చూడవలెనా?

మా స్టూడియోలను చూచినవారికి దీని జవాబు సులువుగా తెలియును. ప్రసారము జరుగుచున్న ప్రతి స్టూడియో తలుపు పైన ఎఱ్ఱదీపము వెలుగును. అది వరుస తాళము. ఇక ఆ నడవ మొదటనే మరియొక దీపము పెట్టినారనుకొనుడు. లోపల ఏ స్టూడియోలో పని జరుగుచున్నను ఆ దీపము వెలుగును. నడవ మొత్తము మూసి రంగులు వేయవచ్చినవాడు మొదటి దీపము చూచియే వెనుదిరుగును, ఒక్కొక్క తలుపు తట్టనక్కరలేదు. మరియొక స్టూడియోలో పాడవచ్చిన గాయకుడు మాత్రము ఆ దీపము చూచి ఆగడు; లోపలికి పోయి తన తలుపు దీపమును చూచుకొనును. నడవ మొదటి ఆ దీపమునకు ఇంటెన్షన్ లాక్ అని పేరు. లోపల నేను ఒక చిన్న తాళము వేయబోవుచున్నానని పట్టిక గుమ్మముననే చెప్పి పోవుట అన్నమాట. నేటి డేటాబేసులలో చాల భాగము ఈ పద్ధతినే ఏదో ఒక రూపమున పాటించుచున్నవి.

జిమ్ గ్రేకు 1998 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించెను. కంప్యూటరు శాస్త్రమున అంతకు మించిన గౌరవము లేదు. 2007 జనవరి 28న ఆయన తల్లి అస్థికలను సముద్రమున కలుపుటకు ఒంటరిగా పడవలో పోయి మరల తిరిగి రాలేదు. ఎంత వెదకినను జాడ దొరకలేదు. తన చివరి సంవత్సరములలో ఆయన మైక్రోసాఫ్టు సంస్థలో నుండెను. ఆ సంస్థకు మన గచ్చిబౌలిలో పెద్ద ప్రాంగణమున్నది.

ఆ సంస్థ చేసిన ఎస్.క్యూ.ఎల్. సర్వరు అను డేటాబేసులో ఒక అలవాటు కలదు. ఒకే ఆజ్ఞ ఒకే పట్టికలో సుమారు 5,000 చిన్న తాళములు వేసినచో, ఇక లెక్క కష్టమని యంత్రమే ఆ చిన్న తాళములన్నింటిని వదలి మొత్తము పట్టికకు ఒక్క పెద్ద తాళము వేయుటకు ప్రయత్నించును. దీనిని లాక్ ఎస్కలేషన్ అందురు. పని చేయువాడు తాను వరుసలనే పట్టుకొన్నాననుకొనును. హఠాత్తుగా ఊరంతయు ఆగిపోవును. ఓరాకిల్ డేటాబేసు ఈ దారి త్రొక్కలేదు. అది వరుస తాళపు గుర్తును వరుస ఉన్న పుటలోనే వ్రాసికొనును గనుక, ఎన్ని వేసినను వేరు లెక్క పెరుగదు. మై ఎస్.క్యూ.ఎల్. అను మరియొకదానిలో తొలుత మై ఐశామ్ అను పద్ధతి యుండెను. అది పట్టికకే తాళము వేయును, వరుసకు వేయుట దానికి రాదు. 2010లో వెలువడిన 5.5 సంచిక నుండి ఇన్నోడీబీ అను వరుస తాళపు పద్ధతి మామూలైనది.

చదువువారు వ్రాయువారి కోసము ఆగవలెనా అను ప్రశ్నకు కూడ తరువాతివారు ఒక ఉపాయము కనిపెట్టిరి. వ్రాయువాడు క్రొత్త ప్రతి వ్రాయుచుండగా చదువువానికి పాత ప్రతిని చూపుట. గ్రంథాలయమున నేటి పత్రిక ఇంకను జిల్దు వేయుచుండగా నిన్నటి పత్రికను చేతికిచ్చినట్లు. చదువువాడు ఆగడు, వ్రాయువాడును ఆగడు. ఓరాకిల్, పోస్ట్‌గ్రెస్, ఇన్నోడీబీ మూడును ఈ ఉపాయమును వాడుచున్నవి. అందువలన సామాన్యమైన చదువునకు వరుస తాళముతో పనియే లేదు. ఇంత సుఖమున్నప్పుడు మన శ్రోతగారి కుమారుడు కంచము విడిచి ఎందుకు లేవవలసి వచ్చెను?

ఆ రాత్రి అక్కడ ఏమి జరిగినదో మాకు తెలియదు. కాని ఇట్టి రాత్రులలో తఱచుగా జరుగునది ఇది. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులో ఒకడు పెద్ద నివేదిక కోసము పట్టికను చదువుచున్నాడు. ఒక గంట పట్టును. చదువు గనుక ఎవరికిని అడ్డము కాదు. పట్టికపై అతి తేలికైన తాళము మాత్రమే, ఇది చదువుచున్నాను, రూపు మార్చకుడు అను గుర్తుగా, ఉండును. ఇంతలో మరియొకడు ఆ పట్టికకు ఒక క్రొత్త నిలువు గడి చేర్చదలచెను. క్షణములో అగు పనియే. కాని పట్టిక రూపు మార్చుటకు అన్నింటికంటె బరువైన తాళము కావలెను. అది చదువువారిని కూడ సహింపదు. కనుక అతడు గంట చదువు ముగియువరకు వరుసలో నిలిచెను. ఇక అసలు చిక్కు: అతని వెనుక వచ్చినవారందరును, ఒక్క వరుస చదివి పోవువారు కూడ, అతని వెనుకనే నిలువవలసి వచ్చును. లోపల నున్నది చదువరి ఒక్కడే. గుమ్మమున నిలిచినవాడు లోపలికి పోలేదు, వెనుకవారిని పోనీయడు. ఇరుకు సందులో పెండ్లి బ్యాండు ఆగినచో వెనుక ఉన్న బండ్లన్నియు ఆగినట్లు. చూచుచుండగా వందలు, వేలు పోగగును. డబ్బు పంపువారి ఫోనులలో చక్రము తిరుగుచునే యుండును. అప్పుడు రాత్రి పదిన్నరకు ఒక ఇంటిలో ఫోను మ్రోగును.

తాళపుచెవి ఎవరి తానున్నది అని వారడిగినారు. వేసినవాని తాననే యున్నది. ఏ లావాదేవి తాళము వేసినదో అదియే పని ఖాయము చేసియో, రద్దు చేసికొనియో తీయవలెను. మరియొకడు తీయలేడు. వేసినవాడు లావాదేవిని నడుమ విడిచి టీ త్రాగుటకు పోయినచో తాళము అట్లే యుండును. ఇది కల్పన కాదు, ఇట్టివి చాల ఆఫీసులలో వినుచున్నదే. అట్టప్పుడు పర్యవేక్షకుడు ఏ లావాదేవి ఎవరిని ఆపుచున్నదో జాబితా చూచి, దేనిని చంపవలెనో నిర్ణయింపవలెను. గంటసేపు నడచిన నివేదికను చంపుటయా, గుమ్మమున నిలిచిన మార్పును వెనుకకు పంపుటయా? తెలిసినవాడు రెండవదే చేయును. ఇంకను తెలిసినవాడు ముందే, రెండు సెకనులలో తాళము దొరకకున్నచో నేనే వెనుదిరిగెదను అని ఆ మార్పు ఆజ్ఞకు షరతు పెట్టియుండును. ఆ చిన్న షరతు లేక ఎన్ని భోజనములు చల్లారినవో లెక్క లేదు.

అన్నింటికంటె వింతయైన చిక్కు మరియొకటి. ఇద్దరు అన్నదమ్ములు భూములు మార్చుకొనుచున్నారు. పెద్దవాని కాగితము మొదట నల్లగండ్ల వరుసకు తాళము వేసి, తరువాత గోపన్‌పల్లి వరుసను కోరినది. చిన్నవాని కాగితము మొదట గోపన్‌పల్లికి వేసి, తరువాత నల్లగండ్లను కోరినది. ఇద్దరును చేతిలోనిది విడువరు, ఎదుటిది కోరుదురు. మనుష్యులైనచో పెద్దమనుషులు కూర్చుండి చెప్పవలెను. తరములు పట్టినను పట్టును. దీనికి డెడ్‌లాక్ అని పేరు. యంత్రమునకు అంత ఓపిక లేదు. పోస్ట్‌గ్రెస్ మామూలుగా ఒక సెకను చూచి, ఎవరు ఎవరి కోసము ఆగినారో గీతలు గీచి, గీతలు చుట్టుతిరిగి మొదటికే వచ్చినచో ఒకనిని బలియిచ్చి, వాని పనిని రద్దుచేసి, రెండవవానిని పోనిచ్చును. బలియైనవాడు మరల మొదటినుండి మొదలు పెట్టవలెను. ప్రోగ్రాము వ్రాయువారు దీనికి ఒక పాత నియమము పాటింతురు: ఎవరైనను తాళములను ఒకే క్రమమున వేయవలెను. చిన్న నంబరు ముందు, పెద్ద నంబరు తరువాత. అన్నదమ్ములిద్దరును ముందు గోపన్‌పల్లికే వచ్చినచో ఒకరు ఆగుదురు, మరియొకరు పోవుదురు, ముడి పడదు.

తాళము చేయలేని పని యొకటి కలదు. అది ఒకే క్షణమున రెండు చేతులు వ్రాయకుండ కాపాడును. వ్రాసిన చేయి నిజమే వ్రాసెనా అని అడుగదు. ఒక స్థలమును సోమవారము ఒకరికిని, రెండు సంవత్సరముల తరువాత నకిలీ కాగితముతో మరియొకరికిని అమ్మినవానిని ఏ తాళమును ఆపదు. పాత పట్టికలోని తప్పు క్రొత్త పట్టికలోనికి ఎక్కినచో అది కట్టుదిట్టమైన తాళము క్రింద భద్రముగా నుండు తప్పే.

ఇక వారి రెండవ ప్రశ్న. వారికి ఇరువది గుంటల భూమి మిగిలియున్నదట. అదే సర్వే నంబరులో వేరొక భాగము మీద ఎవరికో తగవున్నది. మొత్తము సర్వే నంబరు నిషేధిత జాబితాలోనికి ఎక్కినది. రిజిస్ట్రేషను చట్టములోని 22-ఎ సెక్షను క్రింద ఆ జాబితాలో నున్న భూమిని రిజిస్టరు చేయరు. తన ఇరువది గుంటలకు ఏ తగవును లేదని, అయినను అమ్మలేకున్నానని, కుమారుని అడిగిన "లాకయింది నాయినా" అని నవ్వినాడని వారు వ్రాసినారు.

కుమారుడు నవ్వినను మాట తప్పు కాదు. ఒక్క వరుసకు వేయవలసిన తాళము పట్టికకు పడినది. ఇట్టి ఫిర్యాదులు తెలంగాణ జిల్లాలలో చాల చోట్ల విన్నవే. దీనికి కారణము కూడ యంత్రములో వలెనే యున్నది: నేల మీద భాగములు విడిపోయినను దస్త్రములో ఆ భాగమునకు హద్దులతో వేరు వరుస లేనప్పుడు, దానికి మాత్రమే తాళము వేయుట ఎవరికిని సాధ్యము కాదు. పెద్దదానికే వేయుదురు. ప్రతి కమతమునకు భూధార్ అను వేరు సంఖ్య ఇచ్చుటకును, దస్తావేజుతో పాటు కొలతల పటము జతపరచుటకును 2025 భూభారతి చట్టములో ఏర్పాటు కలదు. ఇది నిజముగా నేల మీద జరిగిన చోట చిన్న తాళమునకు చోటు ఏర్పడును.

ఈ తాళపుచెవి మాత్రము యంత్రములో లేదు, కుమారుని ఆఫీసులోను లేదు. ధరణి కాలమున ఇట్టి అర్జీలు జిల్లా కలెక్టరుగారి పరిశీలనకు పోయెడివి. మీరు మొదట మీ ఇరువది గుంటలకు సర్వే చేయించి, హద్దుల పటము సంపాదింపుడు. ఖాస్రా పహాణీ నకలు, తరువాతి పహాణీల నకళ్లు, పాసు పుస్తకము, తగవు నడచుచున్న భాగము మీది కాదని చూపు కోర్టు కాగితములు ఏవైన నున్నచో అవియు, దానికి జతచేయుడు. అర్జీ ఇచ్చినప్పుడు నంబరు గల రసీదు తప్పక తీసికొనుడు. కుమారునితో ఒక మాట చెప్పుడు: రాత్రి ఏ తాళము ఎంతసేపు పడినదో వారి యంత్రము వ్రాసి పెట్టుకొనునట్లే, మీ అర్జీ ఏ బల్ల మీద ఎన్నిరోజులు ఉన్నదో అతడు వారమునకొకసారి కంప్యూటరులో చూచి ఒక కాగితము మీద వ్రాసి పెట్టవలెను.